పట్టు విడిపించుకునే పాఠం

మా ఆఫీసులో నేను కరాటే నేర్పడం పెంకులతో మొదలైంది. మహిళా దినోత్సవానికి ఏదైనా కొత్తగా చేయాలని హెచ్ఆర్‌లో పనిచేసే అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చింది. "మీకు బ్లాక్ బెల్ట్ ఉందట కదా మేడమ్, ఏదైనా చేసి చూపించండి" అంది. నానక్‌రామ్‌గూడలో ఒక టవర్‌లో నేను టెస్టింగ్ టీమ్ చూసుకుంటాను. పెళ్లయ్యాక ఆ తెల్ల డ్రెస్సు వేసుకోనేలేదు. ఒకరు గుర్తుపెట్టుకుని అడిగేసరికి సంతోషమేసింది. సరేనన్నాను.

ఇంటికప్పు పెంకులు తెప్పించి మా బాల్కనీలో బాగా ఎండబెట్టాను. ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో పెన్సిల్ ముక్కలు పెట్టాను. అలా సందు ఉంటే పై పెంకు విరిగి కింది దాన్ని విరగ్గొడుతుంది, అది దాని కింది దాన్ని. చేతికి పెద్ద పని ఉండదు. కడప జిల్లాలో మా మాస్టర్ దగ్గర నేర్చుకున్న ప్రతి పిల్లకీ ఈ సంగతి తెలుసు. చూసేవాళ్లకు తెలియదు. క్యాంటీన్‌లో అందరి ముందు నేను గట్టిగా అరిచి చెయ్యి దించాను. పెంకులన్నీ కూలిపోయాయి. చప్పట్లు చాలాసేపు మోగాయి. పెన్సిల్ ముక్కల గురించి నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాతి వారమే ఆడవాళ్లకు ఆత్మరక్షణ క్లాసు పెట్టారు. బుధవారం సాయంత్రం, ఆఫీసు బస్సులు బయలుదేరేలోపు, రెండో అంతస్తులోని యోగా గదిలో. నేర్పేది నేను.

అసలు నాన్న నన్ను కరాటేలో చేర్పించింది కొట్లాట కోసం కాదు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. ఊపిరి బాగుపడుతుందని ఎవరో చెప్తే హైస్కూలు గ్రౌండుకు తీసుకెళ్లి మాస్టర్‌కు అప్పజెప్పాడు. ఊపిరి నిజంగానే బాగుపడింది. మాస్టర్ మా చేత కటాలు చేయించేవారు. ఎదుట ఎవరో ఉన్నట్టు ఊహించుకుని గాలిలో వరుసగా అడ్డుకోవడం, గుద్దడం, తన్నడం. తరువాత జంటలుగా నిలబెట్టేవారు. ఒకరు ఒక అడుగు ముందుకేసి పిడికిలి చాపి ఆగిపోవాలి. చాపిన చెయ్యి చాపినట్టే ఉండాలి. రెండోవారు దాన్ని అడ్డుకుని, మణికట్టు పట్టి తిప్పి, పొట్టలో గుద్దినట్టు చూపించి, పడగొట్టాలి. మొదటివారు అంతసేపూ ఊరికే నిలబడి, పడమన్నప్పుడు పడాలి. అలా పడగొట్టి, పడి, నేను బ్లాక్ బెల్ట్ దాకా వచ్చాను. పోట్లాడటం అంటే అదేననుకున్నాను. నిజంగా నన్ను కొట్టాలనుకున్న మనిషి ఆ గ్రౌండులో ఎప్పుడూ నా ఎదుట నిలబడలేదు.

క్లాసుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేవి ఒకే రకం ప్రశ్నలు. షేర్ ఆటోలో పక్కవాడు మీద పడితే ఏం చేయాలి, లిఫ్టులో ఎవడైనా దగ్గరికొస్తే ఏం చేయాలి, సెల్లార్‌లో కారు దగ్గర ఎవడైనా కాపుకాస్తే ఏం చేయాలి. ఒక అమ్మాయి మాత్రం వేరేగా అడిగేది. పై అంతస్తులో డేటా టీమ్‌లో చేసేది. సొంత ఊరు కరీంనగర్ వైపు. భర్త కూడా మా రంగమే, మాదాపూర్‌లో ఏదో కంపెనీ. ఇద్దరూ నిజాంపేటలో ఫ్లాట్ తీసుకుని ఉంటున్నారు. ముందు మేడమ్ అనేది, రెండు వారాలకే అక్కా అనడం మొదలుపెట్టింది.

"అక్కా, వెనక గోడ ఉంటే ఎట్ల? అడుగు వెనక్కి వెయ్యరాదు కదా."

"మంచం మీద కూసున్నప్పుడు పైనుంచి రెండు చేతులు పట్టుకుంటే?"

"జుట్టు పట్టుకుంటే ముందుగాల ఏం జెయ్యాలె?"

ఈ ప్రశ్నలు నాకు ఎంత నచ్చేవో చెప్పలేను. మిగతావాళ్లు ఫోటోల కోసం వస్తే, ఈ పిల్ల బుర్ర పెట్టి నేర్చుకుంటోందని మురిసిపోయేదాన్ని. బస్సులో ఇంటికి వెళ్తూ ఫోన్‌లో వీడియోలు వెతికి, మరుసటి బుధవారానికి ప్రతి ప్రశ్నకూ ఒక జవాబు తయారుచేసుకుని వచ్చేదాన్ని. నాకు తెలియదు అని ఒక్కసారీ అనలేదు. ఆ మంచం, ఆ గోడ ఎక్కడివి, నిన్ను పట్టుకునేది ఎవరమ్మా అని కూడా అడగలేదు.

అన్నింటికంటే ఎక్కువగా ఆమె అడిగింది మణికట్టు పట్టు. ఎవరైనా చెయ్యి గట్టిగా పట్టుకుంటే విడిపించుకునే పద్ధతి. పట్టుకున్నవాడి బొటనవేలు, మిగతా వేళ్లు కలిసేచోట పట్టు బలహీనంగా ఉంటుంది. చెయ్యి అటువైపు తిప్పి ఒక్కసారిగా లాక్కోవాలి. నా చేతులతో ఆమె మణికట్టు పట్టుకుని చేయించేదాన్ని. బాగా చేసేది.

"ఆయన బాగా బరువుంటే కూడా వస్తదా అక్కా?"

ఆయన అంది. నేను గమనించలేదు. క్లాసులో అందరూ పట్టుకునేవాణ్ణి వాడు, వీడు అనేవారు. ఆమె ఒక్కతే ఆయన అంది.

"బరువుతో పని లేదు. టెక్నిక్ ముఖ్యం" అన్నాను.

ఆ రోజే హెచ్ఆర్ అమ్మాయి వచ్చి ఫోటోలు తీసింది. కంపెనీ పేజీలో పెట్టిన ఫోటోలో ఈ కరీంనగర్ పిల్ల ముందు వరసలో పిడికిలి చాపి ఉంది. పక్కన నేను నవ్వుతూ ఉన్నాను. కింద "మా వీరనారులు" అని రాశారు.

తరువాత రెండు బుధవారాలు ఆమె రాలేదు. జ్వరమని ఎవరో అన్నారు. ఆ పైవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో చేతులు కడుక్కునే చోట కనబడింది. కుడిచేతి ఉంగరపు వేలికి, పక్క వేలికి కలిపి కట్టు ఉంది. మెడ కప్పేలా చున్నీ చుట్టుకుంది. ఏమైందని అడగబోతే, "యోగా రూముకు వస్తరా అక్కా, జర పనుంది" అంది.

గదిలో ఎవరూ లేరు. తలుపు వేసి, నిలబడే చెప్పింది.

"మీరు చెప్పినట్టే చేసినక్కా. బొటనవేలు దిక్కు తిప్పి గుంజిన. చెయ్యి వచ్చింది. వచ్చినంక ఏం జెయ్యాల్నో నాకు యాదికి రాలే."

"ఎవరు పట్టుకున్నారు?"

"మా ఆయన."

ఆమె ఏడవలేదు. పనిలో వచ్చిన సమస్య చెప్తున్నట్టు వరసగా చెప్పింది. అంతకుముందు కోపం వస్తే చెయ్యి పట్టుకుని చెంప మీద రెండు కొట్టి బయటికి వెళ్లిపోయేవాడట. "గా రోజు నేను చెయ్యి గుంజుకునేసరికి ఒక్క నిమిషం నన్నే చూసిండు. ఎక్కడ నేర్చుకున్నవు అన్నడు. ఇగ ఆగలే. జుట్టు పట్టి వంటింటి దాంక గుంజుకపోయిండు. నేను తలుపు పట్టుకున్న. తలుపు వేసిండు." కట్టు ఉన్న వేళ్లు చూపించింది. తరువాత చున్నీ కాస్త పక్కకు జరిపి మెడ చూపించి మళ్లీ కప్పుకుంది.

ఆమె నా వైపు ఎడమ చెయ్యి చాచింది.

"మల్లొక్కసారి పట్టుకోండక్కా. ఏడ తప్పు చేసిననో చూడండి."

పట్టుకోకూడదని తెలుసు. అయినా ఏం చేయాలో తోచక పట్టుకున్నాను. ఆమె బొటనవేలి వైపు తిప్పి లాక్కుంది. చక్కగా వచ్చేసింది.

"కరెక్టేనా?"

"కరెక్టే" అన్నాను. నేను నేర్పినదాని ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఆమె ముఖంలో ఒక రకమైన అయోమయం కనబడింది. తప్పు చేశానని చెప్తే ఆమెకు ఇంకా తేలిగ్గా ఉండేదేమో. ఈసారి సరిగ్గా చేస్తాననుకునేది.

ఆమె అన్నావదినెలు ప్రగతినగర్‌లో ఉంటారని, వాళ్లకు ఇంకా చెప్పలేదని తెలిసింది. ఆ సాయంత్రం క్యాబ్ పిలిచి ఇద్దరం అక్కడికే వెళ్లాం. దారంతా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అన్న అపార్ట్‌మెంట్లు కట్టేచోట సూపర్‌వైజర్. చెల్లెలి చెయ్యి చూసి, విషయం విని, చెప్పులేసుకుని బయలుదేరబోయాడు. వదినె గుమ్మంలో అడ్డం నిలబడింది. "నువ్వు వోయి వాణ్ణి కొడితే కేసు నీ మీదయితది. ముందుగాల పిల్లను దవాఖానకు తీస్కపోదాం" అంది. తరువాత నా వైపు తిరిగి, "మీరేనా కరాటే నేర్పే మేడం? మా పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా మీ ముచ్చటే చెప్తుండె" అని టీ పెట్టి ఇచ్చింది. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. టీ తాగలేక అక్కడే పెట్టేశాను.

ఆ ఆదివారం పొద్దున కొండాపూర్‌లో ఒక జిమ్‌కు వెళ్లాను. కుస్తీ, బాక్సింగ్ కలిపి నేర్పుతారు. కోచ్ నాకంటే చిన్న వయసు మనిషి, విశాఖపట్నం నుంచి వచ్చి స్థిరపడింది. నేను ఎన్నేళ్లు నేర్చుకున్నానో, ఏం నేర్పానో, ఏం జరిగిందో అంతా చెప్పాను.

"నన్ను నిజంగా పట్టుకోండి. నేను అడిగేదాకా వదలొద్దు."

"సరేనండి" అని ఆమె నా మణికట్టు పట్టుకుంది. బొటనవేలి వైపు తిప్పి లాగాను. వచ్చింది. వచ్చిందని నాకు తెలిసేలోపే ఆమె రెండో చెయ్యి నా మెడ వెనక ఉంది. తల కిందికి వంగింది. ఆ తరువాత నేను చాప మీద వెల్లకిలా ఉన్నాను. ఆమె బరువంతా నా ఛాతీ మీద. నాన్న గ్రౌండుకు తీసుకెళ్లకముందు వచ్చే ఆయాసం ఎలా ఉండేదో, అది మళ్లీ వచ్చినట్టయింది. కాళ్లు కొట్టుకున్నాను. నేర్చుకున్న దెబ్బ ఒక్కటీ వేసే సందు లేదు. ఇక వదలమన్నట్టు చాప తట్టాను. వదిలేసింది.

మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అలాగే అయింది.

నీళ్లిచ్చి పక్కన కూర్చుంది. "మీ కదలికలో పదును ఉందండి. నిలకడ కూడా ఉంది. కాకపోతే మీ చెయ్యి బయటికి రాగానే మీరు ఆగిపోతున్నారు. నేను కూడా ఆగుతానని ఎదురు చూస్తున్నారు."

"మాకు అలాగే నేర్పారు."

"చాలామందికి అలాగే నేర్పుతారండి. ఎదురుతిరిగే మనిషితో రోజూ చేస్తే మీరు నేర్చుకున్నది కూడా కొంత పనికొస్తుంది. లేకపోతే అది వ్యాయామం. వ్యాయామం మంచిదే. వ్యాయామమని చెప్పి నేర్పితే తప్పు లేదు."

ఇంటికి వచ్చి మాస్టర్‌కు ఫోన్ చేశాను. నా పెళ్లి తరువాత మాట్లాడటం అదే మొదటిసారి. ముసలాయన గొంతు వణుకుతోంది కానీ నన్ను వెంటనే గుర్తుపట్టాడు.

"ఏం పాపా, బాగుండావా? ఇన్నాళ్లకు గుర్తొచ్చినానా?"

కాసేపు క్షేమ సమాచారాలు మాట్లాడి, ఆగలేక అడిగేశాను. "మాస్టర్, మీరు ఎప్పుడైనా నిజంగా ఎవరితోనైనా కొట్లాడారా?"

"నాకెవురితో కొట్లాటమ్మా. నేను ఎవురినీ కొట్టింది లేదు. దేనికడుగుతాండావు?"

"మరి మాకు..."

"పిల్లోల్లకు ఒళ్లు వంగుతాది, బయం పోతాది, పెద్దోల్లంటే మర్యాద ఉంటాది. అందుకు నేర్పిస్తి. నీకు ఆయాసం తగ్గిందా లేదా?"

"తగ్గింది మాస్టర్."

"ఇంకేం కావల్ల" అన్నాడు. ఆయన మమ్మల్ని మోసం చేశాడని అనుకుందామని ఫోన్ చేశాను. అనుకోలేకపోయాను. ఆయన ఊపిరి కోసం నేర్పాడు. దాన్ని పెన్సిల్ ముక్కలు దాచి, భర్త చేతిలో దెబ్బలు తింటున్న మనిషికి రక్షణ అని ఇచ్చింది నేను.

ఆమె, అన్న కలిసి మహిళా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. పోలీసులు రెండు వైపులవాళ్లనీ పిలిపించారు. ముందు రోజు ఆమె ఫోన్ చేసింది. "అక్కా, మీరు కూడా రావాలె. ఆయన దిక్కోళ్లు మీ గురించే మాట్లాడుతున్నరు."

ఎందుకో వెళ్లాక అర్థమైంది. భర్త ముంజేతి మీద గోళ్లు గీరుకున్న గాట్లు ఉన్నాయి. మనిషి నెమ్మదస్తుడిలా, నలగని చొక్కాతో, తల దించుకుని కూర్చున్నాడు. మాట్లాడింది అతని అన్న. ఇన్‌స్పెక్టర్ ముందు ఫోన్ పెట్టాడు. అందులో మా కంపెనీ పేజీ ఫోటో. ఆమె పిడికిలి, నా నవ్వు, కింద "మా వీరనారులు".

"చూడండి మేడమ్. ఈమె కరాటే నేర్చుకున్నది. ఈమెనే మా తమ్మునిమీద చెయ్యి చేసుకున్నది. ఆయన తనను తాను కాపాడుకున్నడు, అంతే. వేలు ఆమె తప్పుతోని తలుపుల పడ్డది."

ఇన్‌స్పెక్టర్ నడివయసు ఆవిడ. ఫోటో చూసి నా వైపు చూసింది. "నేర్పింది మీరేనా?"

"నేనే మేడమ్."

"ఏం నేర్పిన్రు? మగమనిషిని కొట్టొస్తదా దానితోని?"

అందరూ నా వైపు తిరిగారు. ఆమె కూడా.

"రాదు మేడమ్" అన్నాను. "నేను నేర్పింది ఎదుటి మనిషి ఆగినప్పుడే పనిచేస్తుంది. ఆగని మనిషి దగ్గర పనిచేయదు. అది నాకే రాదు. రాకుండానే నేర్పాను."

అతని అన్న నవ్వాడు. "బ్లాక్ బెల్ట్ అని రాసుకున్నరు కదా."

ఇన్‌స్పెక్టర్ పక్కనున్న కానిస్టేబుల్‌ను పిలిచింది. బలమైన ఆడమనిషి. "మేడం చెయ్యి పట్టుకో. ఇడువకు" అని నాతో, "ఇడిపించుకోండి, చూద్దాం" అంది.

నేను మనసుపెట్టే ప్రయత్నించాను. ఆ సంగతి చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. ఆ క్షణంలో కూడా, అంతమంది ముందు, చెయ్యి బయటికి వచ్చేస్తే బాగుండునని నాలో ఏదో కోరుకుంది. వచ్చి ఉంటే వాళ్ల మాటే నిజమై, ఆ పిల్ల అబద్ధాలకోరు అయ్యేది. తిప్పి లాగాను. చెయ్యి సగం జారింది. కానిస్టేబుల్ రెండో చేత్తో మోచెయ్యి పట్టి తన వైపు గుంజింది. నేను కుర్చీలోంచి లేచి బల్ల మీద పడ్డాను. బల్ల మీది గ్లాసు దొర్లింది. ఎవరూ నవ్వలేదు.

"ఇగ ఫోన్ లోపల పెట్టుకో" అంది ఇన్‌స్పెక్టర్ అతని అన్నతో. తరువాత ఆస్పత్రి కాగితం తీసి, "మెడ మీద గీ మచ్చలు కూడా తలుపుల పడ్డయేనా?" అని భర్తను అడిగింది. అతను మొదటిసారి తలెత్తాడు. మళ్లీ దించుకున్నాడు. ఆ సాయంత్రమే కేసు రాసుకున్నారు. అది ఇంకా నడుస్తోంది.

బయట చెట్టు కింద ఆమె అన్న ఆటో కోసం చూస్తున్నాడు. ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది.

"లోపల మీరు చెప్పింది నిజమేనా అక్కా, లేకపోతే నా కోసం చెప్పిన్రా?"

"నిజమే."

"ముందే చెప్తే బాగుండు. నేను చెయ్యి గుంజుకోకపోదును. ఆ రోజుకు చెంప దెబ్బతోనే పోతుండె" అంది. కోపంగా అనలేదు. ఆలోచిస్తూ అంది. మళ్లీ తనే, "గుంజుకోకపోతే ఇంకా ఆడనే ఉందునేమో. తెల్వది" అంది. ఆటో వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

ఆ చివరి మాట పట్టుకుని నన్ను నేను సమాధానపరచుకోవచ్చు. అలా చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆమె బయటపడింది నేను నేర్పినదాని వల్ల కాదు, అది పనిచేయనందువల్ల. ఆ దెబ్బలు తిన్నది ఆమె.

తరువాతి బుధవారం క్లాసులో పెంకుల మధ్య పెన్సిల్ ముక్కల దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను, ఆమె సంగతి తప్ప. కొందరు నొచ్చుకున్నారు. ఒకామె, "మరి ఇన్ని రోజులు ఎందుకండీ" అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. క్లాసు ఆపేశాను. ఇప్పుడు ఆదివారాలు కొండాపూర్ వెళ్లి కోచ్ చేతిలో పడుతున్నాను. ఒకటి రెండుసార్లు తప్పించుకోగలిగాను. ఎవరికీ నేర్పడం లేదు.

ఆమె కంపెనీ మారింది. గచ్చిబౌలిలో చిన్న ఫ్లాట్ కిరాయికి తీసుకుని, నన్ను భోజనానికి పిలిచింది. వెళ్లాను. జొన్నరొట్టె, వంకాయ కూర చేసింది. కింది ఫ్లాట్‌వాళ్ల కుక్క గురించి, నీళ్ల ట్యాంకర్ల గురించి మాట్లాడుకున్నాం. కరాటే మాట ఇద్దరమూ ఎత్తలేదు. వచ్చేటప్పుడు లిఫ్టు దాకా వచ్చి, "మల్ల రండక్కా, ఫికర్ లేకుండ రండి" అంది.

వస్తానన్నాను. అప్పటినుంచి మళ్లీ వెళ్లలేదు. ప్రతి ఆదివారం జిమ్ నుంచి తిరిగివచ్చేటప్పుడు ఆమె ఉండే వీధి మీదుగానే వస్తాను. ఈ వారం ఆగుదామనుకుంటాను.